ఉప్పల్, నాచారం నేల మీద నీళ్ళ దారి

మా గ్రూపులో పదిమందిమి ఉన్నాము. అందులో ఇద్దరే ఈ నేల మీద పుట్టిన వాళ్ళు. మిగిలినోళ్ళం నల్గొండ, జనగామ, పాలమూరు దిక్కు నుంచి బతకవచ్చినం. బతకవచ్చిన వాళ్ళకు ఊరి పేరు అంటే బస్సు బోర్డు మీద పేరే. ఉప్పల్ అంటే మెట్రో, స్టేడియం, రింగు రోడ్డు. నాచారం అంటే ఫ్యాక్టరీలు, ఈఎస్‌ఐ దవాఖాన. ఇది వ్యవసాయం చేసిన భూమి అని మాకు చాన్నాళ్ళు తట్టనే లేదు.

భూమి కాగితాల్లో మాత్రం ఆ సంగతి ఇంకా ఉంది. ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ బాగాయత్ అని రెండు పేర్లు వినపడతయి. ఖాల్సా అంటే జాగీర్దారుకు కాకుండా శిస్తు నేరుగా సర్కారుకు కట్టే భూమి. బాగాయత్ అంటే తోటల భూమి, నీళ్ళు పారే భూమి. నిజాం కాలంలో పట్నం చుట్టూ బాగాత్ అని ఒక జిల్లాయే ఉండేది. 1948 తర్వాత దాన్నీ అత్రాఫ్ ఎ బల్దా జిల్లానూ కలిపి హైదరాబాద్ జిల్లా చేసినరు. ఇప్పుడు ఉప్పల్ భగాయత్ అంటే గజాల లెక్కన వేలం వేసే ప్లాట్లు. పేరులో తోట ఉంది, పట్నం వాళ్ళకు ఆ పేరు అర్థం తెల్వదు. మాకూ మొన్నటిదాకా తెల్వదు.

ఈ సంపుటిలో పొదుపు లెక్కల తర్వాత మా నేల చరిత్ర మీద ఒక వ్యాసం రాయాలని అనుకున్నప్పుడు, గుడుల కథ రాద్దామని ఒకరు, ఫ్యాక్టరీల కథ రాద్దామని ఒకరు అన్నరు. మేము నీళ్ళ కథ రాస్తున్నము. ఎందుకో తర్వాత చెప్తము.

ముందుగాల నేల ఎట్లుంటదో చూడాలి. నాచారం మెరక. ఉప్పల్ దానికి దిగువ. ఉప్పల్‌కు దక్షిణాన మూసీ. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుట్టి, పట్నం నడుమ నుంచి వచ్చి, మన పక్క నుంచి తూర్పుకు పోయి, చివరకు వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది. అంటే నాచారంలో పడ్డ వాన చుక్క ఎప్పటికైనా మూసీకి పోవాల్సిందే. కింద అంతా నల్ల సేనపు బండ, గ్రానైటు. ఆ బండ మీద ఎర్ర చెలక మన్ను పలచగా ఉంటది. ఈ మన్నుకు ఒక గుణం ఉంది. గట్టి వాన పడితే పైన పెచ్చు కడతది. పెచ్చు కట్టినంక నీళ్ళు లోపలికి ఇంకవు, పైనుంచే జారిపోతయి. జారేటప్పుడు మెత్తటి మన్నును, పెంట ఎరువును ఎత్తుకొని పోతయి. మిగిలేది మొరం.

చెలక రైతుకు ఇది కొత్త సంగతి కాదు. మా గ్రూపు పెద్దామెను మేమంతా అవ్వ అంటము. ఆమెది ఇక్కడి కాపుదనపు ఇల్లు. వాళ్ళ చెలకలో నాగలి వాలుకు అడ్డంగానే తోలేటోళ్ళట. వాలు పొడుగునా తోలితే ప్రతి సాలూ ఒక చిన్న కాలువ అయితది, మొదటి వానకే మన్ను కిందికి దిగుతది. గెట్ల మీద ఈత, వావిలి, తంగేడు ఉండేవి. వాటిని కొట్టేస్తే పెద్దలు తిట్టేది, గెట్టు తెగుతదని. జొన్నలో కంది కలిపి వేసేది. జొన్న ముందుగాల నేలను కప్పుతది, అది కోసినంక కంది నిలబడి ఉంటది, నేల బోడిగా ఉండదు. ఒర్రె పారే కాడ రాళ్ళు పేర్చి అడ్డం పెట్టేది. నీళ్ళు ఆగి, మన్ను రాళ్ళ వెనక నిలిచి, రెండు మూడేండ్లకు అక్కడ చిన్న మడి తయారయ్యేది. ఈ పనులనే తర్వాత సైంటిస్టులు కాంటూరు సేద్యం, గల్లీ ప్లగ్గు అని పేర్లు పెట్టి చెప్పినరు. రైతులకు అన్నీ తెలుసు అని మేము అనము. ఆముదం ఒక్కటే వేసి నేలను బోడి చేసిన చెలకలూ ఉన్నయి, పక్కోని గెట్టు చెక్కి తన దాంట్లో కలుపుకున్న వాళ్ళూ ఉన్నరు. అయితే మన్ను పోతే అన్నం పోతదని తెలిసిన కాలం అది.

ఎకరం చెలక మీద ఒక్క మిల్లీమీటరు మందం మన్ను పోతే కంటికి కానరాదు. లెక్క చేస్తే అది 4 ఘనపు మీటర్లు, ఒక ట్రాక్టర్ ట్రాలీకి పైమాటే. మా గ్రూపులో లెక్కలు రాసే చెల్లె దీన్ని రెండుసార్లు వేసి చూపించింది, మేము నమ్మలేదు.

ఎంత ఆపినా కొంత మన్ను దిగుతది. దిగిన మన్నును పట్టుకునేది చెరువు. తెలంగాణలో పెద్ద ఏర్లు తక్కువ, బండ ఎక్కువ. అందుకే కాకతీయుల కాలం నుంచి ఇక్కడ వాలుకు అడ్డంగా కట్ట పోసి వాన నీళ్ళను ఆపే పద్ధతి పెరిగింది. పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువుల పేర్లు అందరికీ తెలుసు. అసలు బలం ఊరూరా ఉన్న చిన్న చెరువులది, కుంటలది. మన దగ్గర నాచారం పెద్ద చెరువు, ఉప్పల్ నల్ల చెరువు, రామంతపూర్ పెద్ద చెరువు, చిన్న చెరువు, ఇంకా పైకి పోతే కాప్రా చెరువు, దిగువకు పోతే పీర్జాదిగూడ చెరువు. చెరువులు ఒంటరిగా ఉండవు. పై చెరువు నిండితే మత్తడి దుంకుతది, ఆ నీళ్ళు కాలువ పట్టుకొని కింది చెరువుకు పోతయి. అది నిండితే దాని కిందికి. గొలుసు అంటే ఇదే. పై చెరువు పెద్ద మన్నును ఆపుకుంటది కాబట్టి కింది చెరువుకు తేటనీళ్ళు పోతయి. వాన ఒక్క పూటలో పడ్డా, నీళ్ళు మూసీకి చేరేసరికి రోజులు పట్టేది.

చెరువుకు మూడు అంగాలు. కట్ట, తూము, మత్తడి. తూము తెరిచి మూసే పని నీరటిది. ఎవరి మడికి ఎంత సేపు నీళ్ళు పోవాలో అతని నోటి మాట. చెరువును బాగు చేసే వాళ్ళకు దశబంధం ఇనాం కింద భూమి ఇచ్చే ఆచారం ఉండేది. అంటే బాగుచేత అనేది దయ కాదు, దానికి కూలి ఉంది, హక్కు ఉంది, బాధ్యత ఉంది. మాకు ఈ పద్ధతిలో నచ్చని సంగతి కూడా రాయాలి. నీరటి పని ఎక్కువగా దళిత కుటుంబాలది, చెరువు కింది మంచి మడి మాత్రం వాళ్ళది కాదు. పాత కాలం అంతా బంగారం అని రాయబుద్ధి కాలేదు.

ఎండాకాలం చెరువు ఎండినంక మన్ను తోడుడు. అవ్వ ఈ మాట చెప్పేటప్పుడు చేతులు తిప్పి చూపిస్తది. మగవాళ్ళు గడ్డపారతో పెల్లలు లేపేది, ఆడవాళ్ళు గంపలకెత్తి ఎడ్లబండి నింపేది. చెరువు మట్టి నల్లగా, జిగటగా, చల్లగా ఉంటదట. చెలకలో కుప్పలు పోసి, తొలకరికి ముందు చిమ్మేది. పోయినేడు చెలక నుంచి దిగిన మన్ను మళ్ళీ చెలకకే ఎక్కేది. అదే ఎరువు, అదే నీళ్ళను పట్టుకునే శక్తి. మిగిలిన మట్టితో గోడలు పెట్టేది, కుమ్మరోళ్ళు కుండలు చేసేది. ఒండ్రుమట్టితో తల రుద్దుకునేవాళ్ళమని అవ్వ చెప్తే మా పిల్లలు నవ్వినరు. బతుకమ్మ నాటికి చెరువు నిండుగా ఉంటే ఆ ఏడు తిండికి కరువు లేదని లెక్క.

ఈ గొలుసు ఎప్పుడూ తెగలేదని కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద సంగతి పట్నంలో ఇప్పటికీ చెప్పుకుంటరు. దాదాపు 15,000 మంది చనిపోయినరని లెక్క. తర్వాతి ఏడు నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వాన లెక్కలు, చెరువుల లెక్కలు తీయించిండు. పట్నానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉండగా అందులో 221 తెగినయని తేలింది. శంషాబాద్ దగ్గర ఒక్క రోజులో 12.8 అంగుళాలు, అంటే 32 సెంటీమీటర్ల పైన వాన. ఒక చెరువు తెగితే దాని నీళ్ళు కింది చెరువు మీద పడతయి, అది తెగుతది, ఇట్ల ఒకదాని మీద ఒకటి. గొలుసు మేలు చేసినట్టే కీడు కూడా గొలుసుగానే చేస్తది. ఆయన సలహా మీదనే ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినయి. అవి పట్నానికి పైన పడమటి దిక్కు ఉన్నయి. అవి ఆపేది ఎగువ మూసీనే. నాచారం మెరక మీద పడ్డ వానను ఆపడానికి మన చెరువులే దిక్కు, అప్పుడూ ఇప్పుడూ.

తర్వాతి కథ తొందరగా చెప్పవచ్చు, ఎందుకంటే అది తొందరగానే జరిగింది. 1961లో హబ్సిగూడ పక్కన ఎన్‌జీఆర్‌ఐ వచ్చింది. భూమి లోపల నీళ్ళు, బండలు, భూకంపాలు పరిశీలించే సంస్థ. మ్యాపులు గీయడం నేర్పే సర్వే ఆఫ్ ఇండియా సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. 1967లో ఈసీఐఎల్, 1971లో ఎన్‌ఎఫ్‌సీ ఆ పక్కన వచ్చినయి. ఉప్పల్‌లో, నాచారంలో పారిశ్రామిక వాడలు లేచినయి. పని దొరికింది, మనుషులు వచ్చినరు, ఇండ్లు కట్టినరు. మేము కూడా ఆ పని కోసమే వచ్చినం కాబట్టి ఫ్యాక్టరీలను తిట్టే హక్కు మాకు సగమే ఉంది. 1978లో రంగారెడ్డి జిల్లా, 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలుపుడు, 2016లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా. బోర్డులు మారినయి. వాలు మారలేదు.

ఆయకట్టు పోయినంక చెరువుతోని ఎవరికీ పని లేకుండా పోయింది. నీళ్ళు అక్కరలేదు, మన్ను అక్కరలేదు. తూము మూసుకపోయింది. నీరటి లేడు. శిఖం భూమి ఎండినప్పుడు ఖాళీ జాగా లెక్క కనపడ్డది. నీళ్ళు వచ్చే కాలువలు సందులైనయి, సందులు రోడ్లైనయి. ఇండ్ల మోరీలు చెరువులోకి తిప్పినరు, గుర్రపు డెక్క నిండింది, దోమలు నిండినయి. చెరువు చచ్చినా నీళ్ళు పట్టుకునే గుంత ఉంటే కొంత మేలే. కానీ అడుగున పూడిక అట్లనే పెరుగుతుంది, ఎందుకంటే తోడేవాడు లేడు. ఇప్పుడు నల్ల చెరువు దగ్గర మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఉంది.

మూసీ ఒడ్డున మాత్రం సేద్యం చాన్నాళ్ళు ఆగలేదు. పట్నం మురుగు కలిసి మూసీ ఏడాది పొడుగునా పారుతది కాబట్టి పీర్జాదిగూడ, పర్వతాపురం దిక్కు ఆ నీళ్ళతోనే పచ్చిగడ్డి పెంచి బర్ల డెయిరీలకు అమ్మేటోళ్ళు. గడ్డి కోసేది, మోపులు కట్టేది చాలావరకు ఆడవాళ్ళే. ఆ పని చేసిన అక్క ఒకామె మా పక్క గ్రూపులో ఉంది. కాళ్ళకు దురద, గోళ్ళకు పుండ్లు. అయినా రోజూ కూలి పడేదని, ఇప్పుడు ఆ కూలి కూడా లేదని అంటది.

పట్నం ఇట్ల అవుతున్న రోజుల్లోనే ఊర్లల్లో ఎదురు పని మొదలైంది. 1994లో హనుమంతరావు కమిటీ నివేదిక ఇచ్చింది, 1995 ఏప్రిల్ నుంచి వాటర్‌షెడ్ పనులకు కొత్త మార్గదర్శకాలు వచ్చినయి. సుమారు 500 హెక్టార్ల నేలను ఒక వాటర్‌షెడ్‌గా తీసుకొని, గుట్ట మీద నుంచి వాగు దాకా వరుసగా పని చేయాలని, డబ్బు ఊరి కమిటీ చేతికే రావాలని అందులో ఉంది. స్వయం సహాయక సంఘాల మాట కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. మన గ్రూపులు పొదుపుకే పుట్టినయని అనుకునే వాళ్ళు ఇది చదవాలి. శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999 నుంచి పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళు ఊరివాళ్ళతో కలిసి చేసిన ఆదర్శ వాటర్‌షెడ్ పేరు దేశమంతా పోయింది. చెక్‌డ్యాములు, ఒర్రెలకు రాళ్ళ అడ్డాలు, గట్ల మీద గ్లిరిసీడియా మొక్కలు. అక్కడి మహిళా సంఘాలు వానపాముల ఎరువు తయారు చేసి అమ్మినయి. మనకు ఇంకా దగ్గర్లో హయత్‌నగర్‌లో క్రీడా సంస్థ పొలం ఉంది. మెట్ట నేలల్లో వాన నీళ్ళను, మన్నును ఎట్ల ఆపాలో అక్కడ పరీక్షలు చేస్తరు. 2000లో నీరు మీరు, 2002లో వాల్టా చట్టం, 2015లో మిషన్ కాకతీయ. చివరిదాంట్లో 46,000కు పైగా చెరువులు లెక్కకట్టి, పూడిక తీసి, ఆ మట్టిని రైతుల చేలకు పంపాలని పెట్టుకున్నరు. మా అమ్మగారి ఊరి చెరువులో కూడా జేసీబీ తోడింది. గంపలు లేవు, ట్రాక్టర్లు ఉన్నయి, అంతే తేడా.

పట్నం చెరువు పూడికకు మందు పట్నంలో దొరకదని చెప్పే కథ ఒకటి చండీగఢ్ దగ్గర ఉంది. 1958లో కట్టిన సుఖ్నా చెరువు కొన్నేండ్లకే మట్టితో నిండింది. ఎంత తోడినా మళ్ళీ వచ్చేది. మన్ను ఎక్కడి నుంచి వస్తుందో వెతుక్కుంటూ పోతే పైన సుఖోమాజ్రి అనే ఊరి బోడి గుట్టలు దొరికినయి. అక్కడ 1970ల్లో చిన్న మట్టికట్టలు వేసి, ఆగిన నీళ్ళల్లో ప్రతి ఇంటికీ, భూమి లేని ఇంటికి కూడా, సమాన వాటా ఇచ్చినరు. నీళ్ళల్లో వాటా వచ్చినంక ఊరోళ్ళే గుట్ట మీదికి పశువులను తోలుడు మానినరు. గుట్ట పచ్చబడ్డది, కిందికి దిగే మన్ను తగ్గింది.

మా గుట్ట ఏది అని మేము అడుక్కున్నం. నాచారంలో ఇప్పుడు చెలక లేదు, దున్నేది లేదు. మరి నాలాలో ప్రతి ఏడు పూడిక ఎక్కడి నుంచి వస్తుంది? చూస్తే తెలిసింది. సెల్లార్ తవ్విన మన్ను రోడ్డు పక్కన పోస్తరు. ఇల్లు కట్టేటోళ్ళ ఇసుక కుప్ప, కంకర దుబ్బ, పగలగొట్టిన గోడల పెంకులు. ఒక్క వానకు అదంతా నాలాలకే. వానకాలం ముందు పూడిక తీసి నాలా ఒడ్డునే పెడతరు, తీసుకపోయే బండి ఆలస్యం అయితే ముందుగాల వచ్చే వాన దాన్ని మళ్ళీ లోపలికి తోస్తది. వెనకట చెరువు మట్టికి బండ్లు వరుస కట్టేవి. ఈ మట్టిలో ప్లాస్టిక్, గాజు, మురుగు ఉన్నయి. ఎవరు తీసుకపోతరు?

ఇక మేము ఈ కథ ఎందుకు రాస్తున్నమో చెప్తము. 2020 అక్టోబరు 13న పడ్డ వాన అందరికీ గుర్తుంటది. ఘట్‌కేసర్ దిక్కు సింగపూర్ టౌన్‌షిప్ దగ్గర 32 సెంటీమీటర్లు పడ్డది. 1908లో శంషాబాద్‌లో పడ్డదీ దాదాపు అంతే. హైదరాబాద్‌కు ఏడాది మొత్తం పడే వాన సుమారు 80 సెంటీమీటర్లు. ఎకరం మీద 32 సెంటీమీటర్లు పడితే సుమారు 13 లక్షల లీటర్లు. ఎండాకాలం మేము డబ్బులేసుకొని తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్ల లెక్కన 260 ట్యాంకర్లు, ఒక్క ఎకరానికి, ఒక్క రోజులో. చెలక ఉంటే కొంత తాగేది, గెట్టు కొంత ఆపేది, కుంట కొంత, చెరువు కొంత. సిమెంటు ఏమీ తాగదు. రామంతపూర్ పెద్ద చెరువు పొంగి హబ్సిగూడ, రామంతపూర్ కాలనీలు మునిగినయి. మా గల్లీ మునిగింది. మూడు నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వాన పడి మళ్ళీ మునిగింది.

మా దాంట్లో ముగ్గురి కుట్టు మిషన్లు, ఒకామె చీరల మూట, ఇంకొకామె పిండి గిర్ని మోటరు నీళ్ళపాలైనయి. అన్నీ బ్యాంకు లింకేజీ రుణంతో కొన్నవే. సర్కారు ఇంటికి 10,000 రూపాయలు ప్రకటించింది, మాలో కొందరికి అందింది, కొందరికి అందలేదు. ఆ ఏడు కరోనా వల్ల పని ఎట్లాగూ సగమే ఉంది. మా గ్రూపు కిస్తీలు ఐదు నెలలు ఆగినయి. అప్పటిదాకా ఒక్క కిస్తీ తప్పని గ్రూపు మాది. గ్రేడు పడిపోయింది, తర్వాతి రుణం ఆలస్యమైంది. రిజిస్టర్‌లో ఆ ఐదు నెలలకు ఎదురుగా బకాయి అని రాసి ఉంది. కారణం రాసే గడి ఆ రిజిస్టర్‌లో లేదు.

అప్పుడే అవ్వ ఒక మాట అన్నది. మీరు ఉంటున్నది మత్తడి కాలువ మీద, నీళ్ళు మీ ఇంటికి రాలేదు, వాటి ఇంటికి అవి వచ్చినయి అని. మాకు కోపం వచ్చింది. జాగా అమ్మినోడు కాలువ అని చెప్పలేదు. ఇల్లు కట్టుకునేటప్పుడు ఇంటి నంబరు వచ్చింది, కరెంటు మీటరు వచ్చింది, నల్లా వచ్చింది. అన్ని కాగితాలు ఇచ్చినంక తప్పు మాది ఒక్కలదే ఎట్లయితది? అవ్వ మీద కోపం తగ్గినంక, ఆ కాలువ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయేదో చూపించమని ఆమెనే అడిగినం.

ఒక ఆదివారం, పొద్దున వాన వెలిసినంక, తొమ్మిది మందిమి గొడుగులు పట్టుకొని నాచారం చెరువు దిక్కు నుంచి కిందికి నడిచినం. అవ్వ మోకాళ్ళ నొప్పితో ఆటోలో వచ్చింది, మలుపుల కాడ దిగి చూపించింది. ఒక మలుపు కాడ రావిచెట్టు, దాని కింద పాత మత్తడి రాళ్ళు రెండు మూడు ఇంకా ఉన్నయి, వాటి మీద టీ కొట్టు. తర్వాత ఒక ప్రహరీ గోడ. ఎవరిదో రాయము. నీళ్ళు ఆ గోడకు తగిలి, ఎడమకు తిరిగి, మా గల్లీలోకి వస్తున్నయి. గోడ అవతల పాత కాలువ గుంత అట్లనే ఉంది, అందులో పిచ్చిచెట్లు. గోడ అడుగున రెండు పెద్ద తూములు పెడితే నీళ్ళు వాటి దారిలో పోతయి. మాకు ఇంజనీరు చదువు లేదు, అయినా నీళ్ళు ఎటు తిరుగుతున్నయో చూడడానికి అది అక్కరలేదు.

అక్కడ నిలబడి ఫోన్లో ఫోటోలు తీసినం. లెక్కలు రాసే చెల్లె అడుగులతో కొలిచి నోటు పుస్తకంలో గీత గీసింది. నాచారం చెరువు, రావిచెట్టు, గోడ, మా గల్లీ, నల్లచెరువు దిక్కు బాణం గుర్తు. ఆ గీత, ఫోటోలు, పదిమంది సంతకాలతో దరఖాస్తు ఇచ్చినం. రెండుసార్లు వచ్చి చూసిపోయినరు. గోడ ఉంది. ఆ దరఖాస్తు నకలు సమాఖ్య ఆఫీసులో ఉంది, కింది గల్లీ గ్రూపులు కూడా తమ సంతకాలు కలుపుతామన్నయి. ఇంకొక పని మా చేతుల్లోనే ఉందని చేసినం. వానకాలం ముందు నాలా పూడిక తీసిన రోజే ఫోటో తీసి పెట్టుడు, మట్టి ఎత్తుకపోయేదాకా వంతులవారీగా రోజూ ఫోన్ చేసుడు. మొదటి ఏడు పన్నెండు రోజులకు ఎత్తుకపోయినరు. పోయినేడు నాలుగు రోజులకు.